అన్నమును తూచవచ్చునా? – మితాహార మానముల చరిత్ర



మధుమేహము, స్థౌల్యము, హృద్రోగము గల గృహస్థులకు వైద్యులు నేడు తరచుగా ఒక నియమమును విధించుచున్నారు. భోజనమునకు ముందు అన్నమును, పప్పును, నేతిని చిన్న కాటాపై తూచి, వాని శక్తిని కేలరీలలో లెక్కవ్రాసికొని భుజింపవలెనని ఆ నియమము. ఇది వినిన వెంటనే పెద్దలు కొందరు కలత చెందుదురు. అన్నము పరబ్రహ్మ స్వరూపము గదా, దానిని బంగారమువలె తూచుట లక్ష్మికి అపచారము గాదా, కొలిచి తినిన ఇంట అన్నపూర్ణ నిలుచునా అని వారి శంక. ఈ శంక భక్తినుండి పుట్టినది గనుక దానిని తేలికగా త్రోసివేయరాదు. అయితే భక్తినుండి పుట్టిన శంకకు శాస్త్రమునుండియు, చరిత్రనుండియు సమాధానము వెదకుట సాధకుని ధర్మము.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నవిషయమున కొన్ని వ్రతములను విధించినది. అన్నమును నిందింపరాదు, త్రోసిపుచ్చరాదు, సమృద్ధిగా సంపాదింపవలెను, ఇంటికి వచ్చినవానిని నిరాకరింపరాదు. ఈ నాలుగింటిలో ఎచ్చటను అన్నమును కొలువరాదను మాట లేదు. కొలుచుట నిందించుట కాదు. పైపెచ్చు, కొలువక వండి, తినజాలక పారవేయుటయే అన్నమును త్రోసిపుచ్చుట యగును.

దేవునికి నివేదించునది కూడ కొలతయే

దేవాలయ సంప్రదాయమును గమనించిన ఈ విషయము మరింత స్పష్టమగును. తిరుమలలో ప్రసాదముల తయారీకి ఏ ద్రవ్యము ఎంత వాడవలెనో నిర్ణయించు పట్టికను 'దిట్టము' అందురు. బియ్యము, పప్పు, నెయ్యి, మిరియములు, ఏలకులు మున్నగు ద్రవ్యము లన్నియు ఆ దిట్టము ననుసరించియే పోటులోనికి చేరవలెను. ఈ పద్ధతి ఆధునిక కాలపు కల్పన కాదు. దక్షిణదేశపు ఆలయశాసనములలో నైవేద్యమునకై భూమిని, ధనమును సమర్పించిన దాతలు ఎన్ని నాళ్ల బియ్యము, ఎంత పప్పు, ఎంత నెయ్యి అని కొలతలతో సహా చెక్కించిరి.

తంజావూరున రాజరాజచోళుడు నిర్మించి 1010లో ప్రతిష్ఠింపజేసిన బృహదీశ్వరాలయ శాసనములు ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనము. అచ్చట ధాన్యమును కొలిచిన మరక్కాలునకు 'ఆడవల్లాన్' అని పేరు. స్వర్ణాభరణములను తూచిన రాతికిని అదే పేరు. ఆడవల్లాన్ అనగా నృత్యమున నేర్పరి, అనగా నటరాజస్వామి. కొలపాత్రకు స్వామి నామమునే పెట్టిరనిన, మానము ఎంత పవిత్రమైనదిగా భావింపబడెనో గ్రహింపవచ్చును. ధాన్యమును దంచిన ఎంత బియ్యము రావలెనో కూడ చోళశాసనములు నిర్ణయించినవి. ఐదు పాళ్ల ధాన్యమునకు రెండు పాళ్ల బియ్యము. దేవుని సొమ్ములో ఒక గింజయు దారి తప్పరాదనుటయే ఈ కొలతల ఉద్దేశము.

కబళముల గణనము

మనుష్యుని భోజనమునకు వచ్చినప్పుడు ధర్మసూత్రములు తూకమును గాక కబళమును మానముగా గైకొన్నవి. ఆంధ్రదేశమున వైదికులు అధికసంఖ్యలో అనుసరించు ఆపస్తంబసూత్రమునందు ఈ విధి స్పష్టముగా కలదు. మునికి ఎనిమిది కబళములు, వానప్రస్థునకు పదునారు, గృహస్థునకు ముప్పదిరెండు. బ్రహ్మచారికి మాత్రము పరిమితి లేదు. ఎదుగుచున్న శరీరమునకు, గురుశుశ్రూషలో దినమంతయు శ్రమించువానికి, వేదాధ్యయనము చేయువానికి కొలత పెట్టరాదని సూత్రకారుని హృదయము. అంతేగాక, ఆహితాగ్నియు, బ్రహ్మచారియు, బండిలాగు ఎద్దును తినియే తమ కార్యమును సాధింతురనియు, తినక సాధింపజాలరనియు ఆయన చేర్చినాడు. యజ్ఞము చేయువానిని, విద్యార్థిని, ఎద్దును ఒకే వరుసలో నిలిపిన ఆ మాటలో శ్రమకు తగిన ఆహారమను సూత్రము ఇమిడియున్నది.

కబళ మనగా ఎంత? ఈ ప్రశ్న చాంద్రాయణ వ్రతమున అత్యంత ముఖ్యమైనది. ఆ వ్రతమున శుక్లపక్షమునందు దినమున కొక కబళము చొప్పున పెంచుచు, పౌర్ణమినాడు పదునైదు భుజించి, కృష్ణపక్షమున ఒక్కొక్కటి తగ్గించుచు, అమావాస్యనాడు నిరాహారముగా నుండవలెను. మొదట పదునైదును కలిపి నూట ఇరువది, పిమ్మట నూట ఐదు, మొత్తము మాసమునకు రెండువందల ఇరువదియైదు. ఇది యవమధ్యము. కృష్ణపక్షమున ఆరంభించినచో నడుమ సన్నమై పిపీలికామధ్య మగును. యతిచాంద్రాయణమున దినమునకు ఎనిమిది, శిశుచాంద్రాయణమున ఉదయము నాలుగు, సాయంకాలము నాలుగు. ఈ రెంటిలోను మాసమునకు రెండువందల నలువది కబళములు.

లెక్క ఇంత సూక్ష్మమైనప్పుడు కబళ పరిమాణము వ్యక్తికొక తీరుగా ఉన్నచో వ్రతమే వ్యర్థమగును. అందుచే యాజ్ఞవల్క్యస్మృతి నెమలిగ్రుడ్డంత కబళమని చెప్పినది. పరాశరస్మృతి కోడిగ్రుడ్డు ప్రమాణమును చెప్పినది. ఆకారము తెలియుటకే ఈ ఉపమానములు. సంఖ్య ఎంత ముఖ్యమో, ఆ సంఖ్యకు ఆధారమైన ప్రమాణము నిశ్చితముగా ఉండుటయు అంత ముఖ్యమని స్మృతికర్త లెరుగుదురు. నేడు ఒక గరిటె అన్నమని వ్రాసికొనువారు ఆ గరిటె ఎంతటిదో చెప్పజాలకున్నచో, వారి లెక్క ఈ పరీక్షకే నిలువదు.

కోసలరాజు భోజనము

కొలతతో ఆహారమును తగ్గించుకొన్న రాజొకడు బౌద్ధవాఙ్మయమున కనబడుచున్నాడు. ఆయన శ్రావస్తిని ఏలిన కోసలరాజు ప్రసేనజిత్తు, బుద్ధుని సమకాలికుడు. ఆయన పూటకు ద్రోణము బియ్యపు అన్నమును వ్యంజనములతో భుజించువాడు. ఒకనాడు అట్లు భుజించి, రొప్పుచు బుద్ధుని దర్శనమునకు రాగా, ఆయన మితభోజనమువలన బాధలు తగ్గుననియు, వార్ధక్యము మెల్లగా వచ్చుననియు బోధించెను. రాజు తనవెంటనున్న సుదర్శనుడను బాలునికి ఆ గాథను నేర్పించి, భోజనవేళ ప్రతిదినము వినిపింపుమని నియమించి, దినమునకు నూరు కార్షాపణములు ఏర్పాటు చేసెను.

వ్యాఖ్యానములు చెప్పిన పద్ధతి మరింత ఆసక్తికరము. రాజు చివరి కబళము నెత్తిన సమయమున బాలుడు గాథను చదువవలెను. రాజు ఆ కబళమును విడిచిపెట్టవలెను. విడిచిన కబళమున ఎన్ని మెతుకులున్నవో, మరునాటి వంటలో అంత బియ్యము తగ్గింపవలెను. ఈ విధముగా క్రమక్రమముగా తగ్గి రాజు ఒక నాళిక బియ్యపు అన్నముతో తృప్తి చెందెను. ద్రోణమునకు పదునారు నాళికలు. అనగా ఆహారము పదునారవ వంతునకు దిగినది. ఒక్కసారిగా గాక, మెతుకుల లెక్కతో దిగినది.

రాజు ఉపవాసముతో శరీరమును శిక్షింపలేదు. కొలతను వంటయింటిలోనే మార్చెను. తన నిగ్రహముపై అతివిశ్వాసము నుంచక, వేళకు హెచ్చరించువానిని ప్రక్కన ఉంచుకొనెను. తరువాతి యుగములలో ఆహారమును తూచిన వారందరును ఎరిగియో ఎరుగకయో ఈ మార్గముననే నడచిరి.

కౌటిల్యుని కోష్ఠాగారము

కౌటిల్యుని అర్థశాస్త్రము ఆహారమానమును రాజ్యవ్యవహారముగా నిలిపినది. కోష్ఠాగారాధ్యక్షుని విధులలో ఒక మనుష్యునికి తగిన భోజనమును ఆయన పేర్కొన్నాడు. ఒక ప్రస్థము విరుగని బియ్యము, అందులో నాలుగవ వంతు పప్పు, పప్పులో పదునారవ వంతు ఉప్పు, నాలుగవ వంతు నెయ్యి లేక నూనె.

అదే ప్రకరణమున ధాన్యములు వండినప్పుడు ఎంత పెరుగునో కూడ ఆయన చెప్పినాడు. కొర్రలు, ఆళ్లు మున్నగునవి మూడురెట్లు, వ్రీహి నాలుగురెట్లు, శాలి ఐదురెట్లు. నేటి ఆహారపు లెక్కలలో అధికముగా జరుగు పొరపాటు సరిగా ఇచ్చటనే ఉన్నది. నూరు గ్రాముల బియ్యమున సుమారు 350 కిలోకేలరీలు కలవు. అదే నూరు గ్రాముల వండిన అన్నమున 130 లోపుననే ఉండును, ఏలయన మిగిలిన బరువు నీరు. పచ్చిబియ్యపు లెక్కను అన్నమునకు వేసిన రోగి తన ఆహారమును దాదాపు మూడురెట్లుగా భావించి, అనవసరముగా ఆకలితో కృశించును. అన్నపు లెక్కను బియ్యమునకు వేసినవాడు తగినంతయే తినుచున్నానని భ్రమపడును.

తూనికరాళ్ల విషయమునను కౌటిల్యుడు జాగరూకుడు. వానిని ఇనుముతో గాని, మగధమేకల దేశముల రాతితో గాని, తడిసిన ఉబ్బక వేడికి తగ్గని మరియొక పదార్థముతో గాని చేయవలెను. పౌతవాధ్యక్షుడు నాలుగు మాసముల కొకసారి వానిని పరీక్షించి ముద్ర వేయవలెను.

అయితే ఆ అధ్యాయముననే ఆలోచింపదగిన మరియొక అంశము కలదు. ద్రోణము ఒకటి గాదు, నాలుగు. రాజునకు వచ్చు ఆదాయమును కొలుచు ద్రోణము 200 పలములు. వ్యవహారమునకు 187½. భృత్యులకు ఇచ్చునది 175. అంతఃపురపు పంపిణీకి 162½. పుచ్చుకొనుటకు పెద్దపాత్ర, ఇచ్చుటకు చిన్నపాత్ర. రాజనీతికి ఇది సమంజసముగా తోచియుండవచ్చును. కాని కొలత అన్నది తనపై ప్రయోగించుకొనినప్పుడు ఒక స్వభావమును, పరులపై ప్రయోగించినప్పుడు వేరొక స్వభావమును పొందునని ఈ నాలుగు ద్రోణములే సూచించుచున్నవి.

ధాత కరువు

ఆ రెండవ స్వభావము తెలుగునేలపై ఘోరరూపమున కనిపించినది 1876–78 నాటి క్షామమున. ధాత సంవత్సరమున ఆరంభమైనందున జనులు దానిని ధాత కరువని పిలిచిరి. బళ్ళారి, కర్నూలు, కడప మండలములు తీవ్రముగా నష్టపోయినవి. 1877 ఆరంభమున బ్రిటిషు ప్రభుత్వము క్షామవ్యయమును తగ్గించుటకై సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారిని మద్రాసు రాజధానికి పంపినది. సహాయపు పనులలో దినమంతయు రాళ్లు కొట్టి మట్టి మోయు పురుషుని కూలిని ఆయన ఒకటిన్నర పౌనుల ధాన్యమునుండి ఒక పౌను ధాన్యమునకు, దానిపై స్వల్పమైన నగదునకు తగ్గించెను.

పౌను అనగా సుమారు 453 గ్రాములు. ఆ ధాన్యమున 1,600 కిలోకేలరీల లోపే ఉండును. కఠినశ్రమ చేయు పురుషునికి నేటి భారతీయ ప్రమాణములు చెప్పు శక్తి దీనికి రెట్టింపునకు పైగా ఉన్నది. కేలరీల లెక్క ఆనాడు ఇంకను వ్యాప్తిలోనికి రాకున్నను, మద్రాసు శానిటరీ కమిషనరైన డాక్టర్ కార్నిష్ ఆ కొలతతో శ్రమించు దేహము నిలువదని గట్టిగా వాదించెను. కొన్ని మాసములకు ప్రభుత్వమే కూలిని మరల పెంచవలసివచ్చెను. ఆలోపల ఎందరో నశించిరి.

ఒక పౌను ధాన్యమున తప్పు లేదు. తూచిన కాటాయును సరియైనదే. తప్పు ఎచ్చట నున్నదనగా, కొలత నిర్ణయించినవాడు ఒకడు, ఆకలి అనుభవించినవాడు మరియొకడు. ప్రసేనజిత్తు కబళమును విడిచినది తన విస్తరినుండి. ఇచ్చట కబళము తీసివేయబడినది పరుని నోటినుండి.

ఆపస్తంబమహర్షి ఈ భేదమును ఎన్నడో నిర్దేశించినాడు. కబళముల సంఖ్యను చెప్పుటకు కొంచెము ముందుగానే ఆయన ఒక హెచ్చరిక చేసినాడు. గృహస్థుడు కావలెనన్న తన భోజనమును తగ్గించుకొనవచ్చును, భార్యాపుత్రుల భోజనమునైనను తగ్గింపవచ్చును, కాని పనిచేయు దాసుని భోజనమును మాత్రము ఎన్నడును తగ్గింపరాదు. మనుస్మృతియు నూతనవధువులకు, బాలికలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటె ముందుగా సందేహింపక భోజనము పెట్టుమని చెప్పినది. గోదావరి తీరమున లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళాపాళలు చూడక, వచ్చినవా రెవరని అడుగక అన్నము పెట్టినది ఈ ధర్మము ననుసరించియే.

పెద్దల శంకకు సమాధాన మిచ్చటనే లభించుచున్నది. కొలువరాదను ఆచారము అతిథి విస్తరికి, పనివాని పళ్ళెమునకు, పిల్లల గిన్నెకు చెందినది. తన విస్తరికి చెందినది కాదు. తనకు కొలత తపస్సు, పరునికి కొలత లోభము.

ఎవరికి ఎంత?

అయినను తనకైనను ఎంత కొలువవలెను? చరకసంహిత సూత్రస్థానమున ఒక అధ్యాయమునకు మాత్రాశితీయమనియే పేరు. ఆహారమాత్ర జఠరాగ్నిబలముపై ఆధారపడునని, ప్రకృతిని చెరుపక సకాలమున జీర్ణమగునదే ఆ మనుష్యునికి తగిన మాత్రయని అందలి సిద్ధాంతము. గురుపదార్థములను తృప్తిలో సగము గాని మూడవవంతు గాని భుజింపవలెను. విమానస్థానము కుక్షిని మూడు భాగములు చేసి ఒకటి ఘనాహారమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి దోషముల సంచారమునకు కేటాయించినది. వాగ్భటుడు నాలుగు భాగములు చేసి రెండు అన్నమునకు, ఒకటి పానీయమునకు, ఒకటి వాయువునకు విడిచినాడు. అందరికి ఒకే సంఖ్యను విధింపకుండుటయే వారి వివేకము.

పాశ్చాత్యదేశమున ఈ అన్వేషణ త్రాసుతో ఆరంభమైనది. ఇటలీదేశపు పాదువా నగరమున వైద్యాచార్యుడైన సాంతోరియో (1561–1636) పెద్ద త్రాసునకు కుర్చీని వ్రేలాడదీసి, దానిపై కూర్చుండి భుజించి, తిన్నదానిని, విసర్జించినదానిని అనేక సంవత్సరములు తూచెను. 1614లో తన గ్రంథమును ప్రకటించెను. నిర్ణయించిన బరువు తినగానే కుర్చీ కొంచెము క్రిందికి దిగి, చాలునని హెచ్చరించెడిదట. సుదర్శనుని గాథ చేసిన పనిని ఇచ్చట త్రాసు చేసినది. తరువాత 1780ల ప్రాంతమున ఫ్రాన్సులో లవోయిజియే, లాప్లాసు జంతువు శ్వాసించునప్పుడు వెలువడు ఉష్ణమును కరగిన మంచుతో కొలిచి, జీవక్రియయు ఒకవిధమైన దహనమే అని నిరూపించిరి. జఠరమున అగ్ని కలదను ప్రాచీనభావనకు అది సన్నిహితముగా తోచును. పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున అమెరికా శాస్త్రజ్ఞుడైన ఆట్‌వాటర్ పిండిపదార్థము, మాంసకృత్తులు గ్రామునకు నాలుగు, కొవ్వు గ్రామునకు తొమ్మిది కిలోకేలరీలని సగటులను నిర్ణయించెను. అవి సగటులే. అగ్నిబలభేదమును గూర్చి చరకుడు చెప్పిన మాటను అవి త్రోసివేయవు.

భారతీయాహారమునకు ఈ లెక్కను కట్టిన సంస్థ తెలుగునేలపైననే కలదు. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహారపదార్థముల పోషకవిలువల పట్టికను ప్రకటించినది. బియ్యపు రకములు, పప్పులు, ఆకుకూరలు, గోంగూర వంటివి అందున్నందున, పరదేశపు పట్టికలపై ఆధారపడవలసిన పని లేదు.

ఆచరణము

ఈ చరిత్రనుండి సాధకుడు గ్రహింపవలసిన క్రమము సులభమైనది. తూచుట వంటయింటిలోనే ముగియవలెను. ఖాళీపాత్ర బరువును ముందుగా తీసివేసి, బియ్యమును, పప్పును పచ్చిగా నున్నప్పుడే తూచి, వండిన పిదప మొత్తము బరువును చూచి, తన భాగమెంతో లెక్కించిన పొరపాటు ఉండదు. సోల, గిద్ద మున్నగు కొలపాత్రలతో గింజల పరిమాణమును కొలువవచ్చును గాని, వాని విలువ ప్రాంతప్రాంతమునకు మారినందున, 1956 నాటి మెట్రిక్ చట్టము పిమ్మట స్థిరపడిన గ్రాములే లెక్కకు శ్రేయస్కరము. నెయ్యి, నూనె విషయమున మిక్కిలి జాగరూకత వలయును. ఒక పెద్ద చెంచా తేడాయే వందకు పైగా కిలోకేలరీలను కలుపును. అభిఘారమునకు వేయు నేతిచుక్క లెక్కకు అడ్డురాదు, గిన్నెనుండి ధారగా పోయునదియే వచ్చును.

విస్తరి ముందు కూర్చుండి పరిషేచనము చేసిన పిదప సంఖ్యలను విడిచిపెట్టవలెను. ప్రాణాహుతులనుండి ఉత్తరాపోశనమువరకు భోజనము యజ్ఞము. యజ్ఞమధ్యమున ద్రవ్యమును మరల లెక్కింపరు.

మరియొక హెచ్చరికయు అవసరము. లెక్కయే దైవమై, ఒక మెతుకు అధికమైన మనస్సు దుఃఖించుచున్నచో, అన్నమును చూచి భయము కలుగుచున్నచో, అది మితాహారము కాదు, మరియొక బంధము. అతిగా తినువానికి వలెనే అసలు తిననివానికిని యోగము సిద్ధింపదని గీత ఆరవ అధ్యాయము బోధించుచున్నది. ఎదుగు పిల్లలకు, గర్భిణులకు, కృశించినవారికి, ఔషధములు వాడు మధుమేహరోగులకు వైద్యుని సమ్మతి లేక భోజనమును తగ్గించుట తగదు.

కోసలరాజు ద్రోణమును నాళికకు తగ్గించిన పిదప దేహమును చేతితో నిమిరికొని సంతోషించెనని చెప్పుదురు. కొలతకు ఫలము అదియే, అనగా దేహము తేలికయగుట, మనస్సు ప్రసన్నమగుట. తన విస్తరిలో మిగిలిన కబళము ఆకలిగొన్న మరియొకనికి చేరినచో ఆ ఫలము పుణ్యముగా పరిణమించును. కావున కాటాను వంటయింటిలో నిస్సంకోచముగా ఉంచుకొనవచ్చును. దానిపై తన భాగమునే ఉంచవలెను, అతిథి భాగమును ఉంచరాదు.